పందేనుగుకు పది శాతం వృద్ధి

మా జిల్లాకు అధికారిక జంతువు సంక్రమించిన విధానం గురించి స్థానిక పత్రికలలో వెలువడిన వార్తలలో అనేక పొరపాట్లు దొర్లాయి. ఒక పత్రిక దానిని ఖడ్గమృగమన్నది. మరొక పత్రిక దాని ఊహాచిత్రాన్నీ, జిల్లా జంతు సమన్వయాధికారి ఛాయాచిత్రాన్నీ పక్కపక్కన ముద్రించి, కింది పేర్లను తారుమారు చేసింది. మరుసటి రోజు సవరణ వేసింది గాని, సవరణను ఎవరూ చదవలేదు. ఈ వ్యవహారంలో ఆద్యంతం నిపుణ సభ్యుడిగా ఉన్నవాడిని కనుక జరిగినది జరిగినట్లు రాయవలసిన బాధ్యత నాపై ఉన్నది.

పథకం పేరు ‘జిల్లాకొక జంతువు’. ప్రతి జిల్లా ఒక జంతువును స్వీకరించి, రక్షించి, దాని సంఖ్యను ఏటా పది శాతం పెంచవలెనని ఉత్తర్వు. ఉద్దేశం ఉత్తమమైనదే. అయితే గత కొన్నేళ్లలో జిల్లాలు పెరిగినంత వేగంగా జంతువులు పెరగలేదు. అందువలన ఒక సోమవారం ఉదయం పది గంటలకు పోర్టల్ తెరుస్తామనీ, ముందు నొక్కినవారికి ముందు ఇస్తామనీ ప్రకటించారు.

సరిగ్గా ఆ పది గంటలకు మా జిల్లా అధికారులు ‘జంతువు ఎంపికలో అనుసరించవలసిన విధివిధానాలు’ అనే అంశంపై సమావేశమై ఉన్నారు. టీ రెండుసార్లు వచ్చింది. పదకొండు నలభైకి వారు బయటకు వచ్చేసరికి పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి అన్నీ అయిపోయాయి. పక్క జిల్లావారు పందికొక్కును దక్కించుకొని బాణాసంచా కాలుస్తున్నారు. తెర మీద ఒకే ఒక్క పేరు మిగిలి ఉన్నది. అదీ పోతుందేమోనన్న కంగారులో జూనియర్ అసిస్టెంట్ సలీముద్దీన్ దానిని నొక్కాడు. నొక్కిన తరువాత చదివాడు.

దక్కనోలోఫస్.

ఆ పేరు ఆ జాబితాలోకి ఎలా వచ్చిందో నేను తరువాత విచారించి తెలుసుకున్నాను. జంతువుల జాబితాలు పంపవలసిందిగా అన్ని కార్యాలయాలకూ లేఖలు వెళ్ళగా, ఒక ప్రదర్శనశాలవారు తమ అద్దాల బీరువాలో ఉన్నవాటి జాబితానే పంపారు. అందులో ‘స్థితి’ అనే గడిలో ‘అంతరించినది’ అని స్పష్టంగానే రాసి ఉన్నది. పోర్టల్‌లో ‘స్థితి’ అనే గడి లేదు. గడి లేనందున ఆ మాట రాలిపోయింది.

ఆ సాయంత్రమే సమన్వయాధికారి శ్రీ గండ్ర విద్యాధరరావు మా ఇంటికి వచ్చారు. వెనుక సలీముద్దీన్ ఫైలు పట్టుకొని ఉన్నాడు.

“సార్, శుభవార్త. మీ జంతువు మన జిల్లాకు కేటాయించబడింది.”

ఆయన ఆ పేరును మూడుసార్లు మూడు విధాలుగా ఉచ్చరించారు. నేను మూడుసార్లూ సరిచేశాను. అయినా నాకు సంతోషం కలగలేదని చెప్పలేను. నలభై ఆరేళ్ల క్రితం చిత్తలబోడులో దొరికిన ఒకే ఒక పంటిని ఆధారం చేసుకొని, అది పంది ఆకారంలో పొట్టి తొండంతో ఉండే నేటి టేపిర్‌లకు దూరపు జ్ఞాతి అయిన ఒక ప్రాచీన క్షీరదానిదని నిరూపిస్తూ నేను మూడు పుటల వ్యాసం ప్రచురించాను. ఆ జంతువుకు పేరు పెట్టినవాడిని నేనే. ఆ తరువాత ఇంత కాలంలోనూ ఆ పంటి గురించి నన్ను అడిగినవారు ఇద్దరు. వారిలో ఒకరు దంతవైద్యుడు.

అయినప్పటికీ సత్యం చెప్పడం నా ధర్మం.

“అది అంతరించిపోయింది,” అన్నాను.

“ఎప్పుడు సార్?”

“సుమారు నాలుగున్నర కోట్ల సంవత్సరాల క్రితం.”

ఆయన రాసుకున్నారు. “ఆ మేరకు ఉత్తర్వులేమైనా వెలువడ్డాయా?”

“ఏ మేరకు?”

“అంతరించినట్లు సార్. నంబరు, తేదీ, సంతకంతో.”

“అప్పటికి భూమి మీద మనుషులే లేరు.”

విద్యాధరరావుగారి ముఖం వికసించింది. “అంటే కాంపిటెంట్ అథారిటీ లేరన్నమాట. కాంపిటెంట్ అథారిటీ లేని కాలంలో జరిగిన అంతరింపును పరిగణనలోకి తీసుకొనవలసిన అవసరం మనకు లేదు. రికార్డుల ప్రకారం సదరు జంతువు కొనసాగుచున్నది.”

“కొనసాగుతున్నదనే రాయమంటరా సార్?” అన్నాడు సలీముద్దీన్.

“కొనసాగుచున్నది అని రాయి.”

నన్ను జిల్లా జంతు కమిటీలో నిపుణ సభ్యుడిగా నియమించారు. నేను అంగీకరించాను. ఎందుకు అంగీకరించానో ఇక్కడ చర్చించడం అప్రస్తుతం.

మొదట బస్టాండు కూడలిలో విగ్రహం వెలిసింది. దూడంత ఎత్తు, కుదిమట్టమైన శరీరం, పొట్టి తొండం వంటి ముక్కు, ముందుకాళ్లకు నాలుగేసి, వెనుకకాళ్లకు మూడేసి వేళ్లు ఉండవలెనని నేను పటం గీసి ఇచ్చాను. శిల్పి ఏటా వినాయకులను చేసేవాడు. ముక్కును కొంచెం సాగదీసి, శుభప్రదంగా ఉంటుందని కుడివైపుకు తిప్పాడు. కుడివైపు తిరిగితే నియమనిష్ఠలు పాటించవలసి ఉంటుందని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పడంతో కమిటీ ముప్పావుగంట చర్చించి ముక్కును నిటారుగా పెట్టించింది. ఆవిష్కరణ నాటి ఉదయానికే ఎవరో దానికి బొట్టు పెట్టారు. మధ్యాహ్నానికి ఊరంతా దానిని పందేనుగు అనసాగింది.

విద్యాధరరావుగారు వెంటనే సర్క్యులర్ జారీ చేశారు. ‘సదరు జంతువును పందేనుగు అని వ్యవహరించుట శిక్షార్హము. పందేనుగు అను పదమును వాడినవారు, వాడుటకు ప్రోత్సహించినవారు, వాడుచుండగా విని ఊరకున్నవారు బాధ్యులగుదురు.’ అంతకుముందు ఆ మాట తెలియని మండలాలకు కూడా ఆ సర్క్యులర్ చేరింది. తెలియనివారు నేర్చుకున్నారు.

విగ్రహం కింద నల్లరాతి ఫలకం మీద ‘కనుగొన్నవారు’ అని చెక్కించి, దాని పక్కన నా పేరు, డిగ్రీలు వేయించారు. ఒక డిగ్రీ సంవత్సరం తప్పుపడింది. దిద్దించాను.

తరువాత ఆవాసం. పన్ను దొరికిన చిత్తలబోడు రెండువందల పన్నెండు ఎకరాల మేతభూమి. చుట్టూ ఇనుప తీగ లాగి, ఒక గేటు పెట్టి, ‘దక్కనోలోఫస్ నివాస ప్రాంతము. నిశ్శబ్దము పాటింపుడు’ అని బోర్డు నాటారు. గేటు పెట్టిన నాలుగో వారం బీరమ్మ మా ఇంటికి వచ్చింది. గొంగడి భుజాన వేసుకొని, చేతికర్ర గోడకు ఆనించి, వరండా మెట్టు మీద కూర్చుంది. యాభై ఏళ్లు దాటిన మనిషి. నూటనలభై గొర్రెల మంద ఆమెది.

“సారూ, పందేనుగు సారంటే మీరేనా?”

“దక్కనోలోఫస్,” అన్నాను.

“ఏదో ఒకటి. అది ఎంత మేస్తది సారూ? బోడంత దానికే గావాల్నా?”

“అది మేయదమ్మా. అది లేదు.”

“లేనిదానికి గేటెందుకు?”

ముప్పై నాలుగేళ్ల అధ్యాపక జీవితంలో ఇంత సూటి ప్రశ్న ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. నేను ఆవాస పరిరక్షణ సూత్రాలను వివరించడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

“అవన్ని నాకెందుకు గని, ఇనుండ్రి. ఇప్పుడు చెల్కలల్ల పత్తి ఉన్నది, మక్క ఉన్నది. గొర్రె మూతి పెడితే కొట్టనీకె వస్తరు. బోడు తప్ప మాకు దిక్కేది? వాగవతలకు తోలుకపోతున్న. పోను ఆరు మైళ్లు, రాను ఆరు. సూడి గొర్రె గంత దూరం నడుస్తదా? తొమ్మిదింటికి కడుపులు పోయినయ్. దసర దాక చూస్త. అప్పటికి గేటు తియ్యకపోతే మందంత కటికోళ్లకే. మా నాయిన నాటి మంద సారూ.”

“విషయం పరిశీలిస్తాను,” అన్నాను. ఆ మాట అనే మనుషులను జీవితమంతా విమర్శించినవాడిని కనుక, అన్న తరువాత నాకు కొంచెం ఇబ్బంది కలిగింది.

ఆమె లేచి కర్ర తీసుకుంది. “నన్ను గుర్తువట్టలేదు మీరు. బండారి ఐలయ్య బిడ్డను. ఆ పన్ను మా నాయిన ఇచ్చిందే గద మీకు? నేను పక్కనే ఉంటి. మీరు అగ్గిపెట్టె ఇస్తిరి.”

ఆమె జ్ఞాపకం సరైనదే. విద్యార్థులను వెంటబెట్టుకొని చిత్తలబోడుకు వెళ్లిన నాడు ఒక గొర్రెలకాపరి పంచె కొంగు ముడి విప్పి ఆ పంటిని నా అరచేతిలో పెట్టాడు. నా వ్యాసంలో ‘రచయిత సేకరించినది’ అని ఉన్నది. ఆ మాట అసత్యం కాదు. అగ్గిపెట్టె ఇచ్చి సేకరించాను. ఇన్నేళ్లుగా ఆ మాటను నేను ఈ విధంగానే సమర్థించుకుంటూ వచ్చాను. ఆ రోజు మాత్రం అది అంతగా కుదరలేదు.

ఇంతలో జంతుగణన వచ్చింది. మూడు రోజులు ఇరవై ఇద్దరు సిబ్బంది బోడు అంతా తిరిగారు. నిశ్శబ్దం పాటించవలసిందిగా మైకులో ప్రకటించుకుంటూ ఒక జీపు వారి ముందు నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం గుడారంలో కూర్చొని వివరాలను పోర్టల్‌లోకి ఎక్కించారు.

“మొత్తం సంఖ్య సార్?” అన్నాడు సలీముద్దీన్.

“సున్నా,” అన్నాను.

“సున్నా కొడితే తీసుకుంటలేదు సార్. ఎర్రగ వస్తున్నది.”

విద్యాధరరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. “గణన పురోగతిలో ఉన్నదని పెట్టు. తరువాతది?”

“వేటగాళ్ల చేతిల చచ్చినవి?”

“సున్నా.”

“తీసుకున్నది సార్! పచ్చగ వచ్చింది. రోడ్డు ప్రమాదాలల్ల?”

“సున్నా.”

“పచ్చగనే. పంటల మీద పడ్డవి? మనుషుల మీదికి వచ్చినవి? రోగమొచ్చినవి? టీకా వద్దన్నవి?”

“సున్నా, సున్నా, సున్నా.” విద్యాధరరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “ఒక్కటి కూడా టీకాను నిరాకరించలేదు. నూటికి నూరు శాతం! పక్క జిల్లా పందికొక్కులు ఎన్ని నిరాకరించి ఉంటాయో ఊహించండి.”

పందికొక్కు జిల్లా పరిస్థితి నిజంగానే దయనీయంగా ఉన్నది. ఆ జంతువు పంటలు తిన్నది, గోదాములు తవ్వింది, ఒక తహసీల్దారు కార్యాలయంలో భూమి రికార్డులను కొరికింది. పులి జిల్లాకు పులితో సమస్యలు ఎలాగూ ఉన్నాయి. ఫలితాలు వెలువడేసరికి ఏ ఒక్క ఫిర్యాదూ లేని ఏకైక జంతువు మాదే అయింది. రాష్ట్రంలో ప్రథమ స్థానం. నాకు శాలువా కప్పారు. సభలో వక్తలందరూ దక్కనోలోఫస్ క్రమశిక్షణను కొనియాడారు. నేటి యువత దానిని ఆదర్శంగా తీసుకోవాలని ఒక వక్త పిలుపునిచ్చినప్పుడు చప్పట్లు చాలాసేపు మోగాయి.

అయితే బహుమతి వచ్చినదానిని అందరూ చూడాలనుకోవడం సహజం. దసరాకు పది రోజుల ముందు రాజధాని నుంచి ఒక పరిశీలకురాలు వచ్చారు. మాటలు తక్కువ, అడుగులు వేగం. గేటు తెరిపించి లోపలికి వెళ్లారు. మేసే నోరు లేక నాలుగు నెలలుగా పెరిగిన గడ్డి ఆమె భుజాలదాకా ఉన్నది. విద్యాధరరావుగారు పొట్టివారు. ఆయన గొంతు మాత్రమే మాకు వినిపించింది.

“జంతువు ఎక్కడ?” అన్నారామె.

“సదరు జంతువు స్వభావరీత్యా బిడియము గలది మేడమ్.”

“కెమెరాలు పెట్టారా?”

“పదహారు మేడమ్. పదహారింటిలోనూ గడ్డి వచ్చింది. చాలా స్పష్టంగా వచ్చింది.”

“పది శాతం వృద్ధి చూపించాలి. ఇక్కడ ఒక్కటీ కనిపించడం లేదు. కారణమేమిటి?”

గడ్డిలో కొంత కదలిక కలిగింది. ఆయన దారి వెతుక్కుంటున్నారు. “ఆవాసము చాలకపోవుటయే కారణమై ఉండవచ్చును మేడమ్. మరొక అయిదువందల ఎకరాలు కలిపి, వాగు అవతలి భూమికి కూడా తీగ లాగినచో…”

వాగు అవతలి భూమి అంటే బీరమ్మ ప్రస్తుతం మంద తోలుకుపోతున్న చోటు.

“నిపుణ సభ్యుడి లిఖితపూర్వక నివేదిక లేకుండా నేను దేనినీ సిఫారసు చేయను,” అని పరిశీలకురాలు నా వైపు తిరిగారు. “రేపు పదకొండు గంటలకు.”

ఆ మధ్యాహ్నం భోజనం కాగానే నేను నా బల్ల ముందు కూర్చున్నాను. ‘ఈ జంతువు అంతరించినది’ అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఉత్తర్వు నంబరు అడుగుతారు. ఫైలు నాలుగేళ్లు తిరుగుతుంది, గేటు అలాగే ఉంటుంది. అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుచేత నిజాలనే రాయాలని నిశ్చయించుకున్నాను. రెండు వాక్యాలు సులభంగానే వచ్చాయి. మూడవ వాక్యం లేకుండా ఆ రెండూ నిలబడవని పావుగంటలో అర్థమైంది. మూడవదానికి సాయంత్రం టీ వేళ వరకూ పట్టింది.

మరునాడు పరిశీలకురాలు సమావేశ మందిరంలో నివేదికను పైకి చదివారు.

“చిత్తలబోడులో గొర్రెలు మేసిన కాలమంతటిలోనూ, వాటివలన దక్కనోలోఫస్‌కు ఏ విధమైన హానీ కలిగినట్లు నమోదు కాలేదు.”

విద్యాధరరావుగారు ఫైలు తిరగేసి, “వాస్తవమే మేడమ్. అటువంటి ఫిర్యాదు లేదు,” అన్నారు.

“గొర్రెల ప్రవేశాన్ని నిషేధించిన నాటినుంచి నేటివరకు, ఆ ప్రాంతంలో ఒక్క దక్కనోలోఫస్ కూడా కనిపించలేదు.”

“ఇది కూడా…” అని ఆయన ఆగిపోయారు.

“ఈ జంతువుకు సంబంధించి ప్రపంచంలో లభ్యమైన ఏకైక ఆధారం, గొర్రెలు మేస్తున్న చోటనే, గొర్రెలకాపరి అయిన బండారి ఐలయ్యకు దొరికింది.” పరిశీలకురాలు కాగితం కిందికి దించారు. “మీకు దొరికిందని కదా మీ వ్యాసంలో ఉన్నది? బయట ఫలకం మీద కూడా చూశాను.”

“ఉన్నది. అది సరికాదు. ఆయన నాకు ఇచ్చాడు.”

“ఇది రికార్డులోకి వెళుతుంది.”

“వెళ్లవలెననే రాశాను.”

ముందుగా తేరుకున్నది విద్యాధరరావుగారు. “మీ డిగ్రీలన్నీ చెక్కించాం కదా సార్,” అన్నారు జాలిగా. “దిద్దించాం కూడా.”

పరిశీలకురాలు మూడు వాక్యాలనూ మరొకసారి మౌనంగా చదువుకున్నారు. “అంటే గొర్రెలు లేనిదే ఈ జంతువుకు మనుగడ లేదన్నమాట.”

“నేను ఆ మాట రాయలేదు.”

“రాయనవసరం లేదు. స్పష్టంగానే ఉన్నది. గొర్రెలను ఆవాసం నుంచి తొలగించిన అధికారి ఎవరు?”

విద్యాధరరావుగారు లేచి నిలబడి, గొర్రెలను తొలగించలేదనీ, తాత్కాలికంగా వేరుచోట వినియోగించుకుంటున్నామనీ, తక్షణమే వెనుకకు రప్పిస్తామనీ తెలియజేశారు.

మరునాడే ఉత్తర్వులు వచ్చాయి. నూటనలభై గొర్రెలు ‘ఆవాస నిర్వహణ సహాయకులు’గా గుర్తింపబడ్డాయి. బీరమ్మ ఆవాస నిర్వాహకురాలు అయింది. ప్రతి గొర్రె చెవికి నంబరు. గేటు దగ్గర హాజరు పట్టిక. గొర్రెల పదవీ విరమణ వయస్సు ఎంత ఉండవలెనని విద్యాధరరావుగారు నన్ను గట్టిగా అడిగారు. అది నిర్వాహకురాలి విచక్షణకు వదిలివేయవలెననీ, మందలో ఏది ఉండాలో ఏది అమ్మాలో ఆమెకు తప్ప ఇతరులకు తెలియదనీ నేను రాసి ఇచ్చాను. ఆయన ఆ మాటను యథాతథంగా నిబంధనలలో చేర్చారు. నిపుణుడి మాటకు ఆ కార్యాలయంలో లభించిన గౌరవాన్ని నేను తప్పుపట్టలేను.

దసరాకు ఏడు రోజుల ముందు గేటు తెరిచారు. మంద లోపలికి పోతూ ఉంటే తీగలు కూడా కదిలాయి. నూటనలభై నోళ్లు ఒకేసారి గడ్డి తెంపే చప్పుడు వాన మొదలైనట్లు వినిపించింది. బీరమ్మ గేటు పక్కన నిలబడి చూస్తున్నది.

“హాజరు చెప్పాలె అవ్వా,” అన్నాడు సలీముద్దీన్, పట్టిక చేతబట్టుకొని. “ఒక్కొక్క నంబరు పిలుస్త.”

“పిలువు బిడ్డా. మే అన్నది వచ్చినట్టు, అననిది మేస్తున్నట్టు. రాసుకో.”

అతను రాసుకున్నాడు.

ఫలకం మార్చడానికి దాదాపు అయిదు నెలలు పట్టింది. కొత్త ఫలకం బిగించిన ఉదయం నేను బీరమ్మను బస్టాండు కూడలికి రమ్మన్నాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకొని విగ్రహాన్ని తలనుంచి తోకదాకా పరిశీలించింది.

“ఇదేనా సారూ అది? మా నాయిన చూస్తే పడి పడి నవ్వుతుండె. ఏం రాసిండ్రు కింద?”

“కనుగొన్నవారు, బండారి ఐలయ్య, గొర్రెలకాపరి, చిత్తలబోడు.”

“మల్లొకసారి సదువుండ్రి.”

మళ్లీ చదివాను. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, నేను ఆగిన చోట ఆగింది.

“మరి మీ పేరేది?”

“లేదు. కనుగొన్నవారి పేరు మాత్రమే ఉండటం పద్ధతి.”

“అయ్యో, అగ్గిపెట్టె ఇచ్చిండని రాయించుకోకపోతిరా?” అన్నది. ఆమె వేళాకోళం చేస్తున్నదో, సానుభూతి చూపుతున్నదో నాకు ఇప్పటికీ నిశ్చయంగా తెలియదు.

అప్పుడే సలీముద్దీన్ స్కూటర్ మీద వచ్చి, బండి స్టాండు వేయకముందే సెల్‌ఫోన్ నా ముందుకు చాపాడు. ఆ రోజు వార్షిక నివేదికకు ఆఖరి తేదీ.

“సార్, దసర నుంచి బోడుల ఇరవై ఒక్క పిల్లలు పుట్టినయ్. పొద్దుగాల ఇంకా రెండు. సహాయకుల జననాలు రాయనీకె పోర్టల్ల గడి లేదు సార్. ఉన్నదొక్కటే.”

తెర మీద చూశాను. ‘దక్కనోలోఫస్: ఈ సంవత్సరపు నూతన జననములు’ అని ఉన్నది. పక్కన ఖాళీ గడి మెరుస్తున్నది.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను ఒక గడిలో రాయవలసినదానిని మరొక గడిలో రాయలేదు. ఎవరు రాసినా క్షమించలేదు. బీరమ్మ నా ముఖం వంక చూస్తున్నది. ఈ గడి ఖాళీగా ఉంటే మళ్లీ ఎవరో వస్తారు, కారణం అడుగుతారు, తీగ లాగుతారు.

“ఉన్న గడిలోనే రాయండి,” అన్నాను.

ఇరవై మూడు అని కొట్టాడు. గడి పచ్చగా మారింది.

ఆ విధంగా, నాలుగున్నర కోట్ల సంవత్సరాల విరామం తరువాత, మా జిల్లాలో దక్కనోలోఫస్ సంతతి వృద్ధి చెందింది. లక్ష్యం పది శాతం కాగా, నూటనలభై మంది సహాయకుల లెక్కన సాధించినది పదహారు. ఆ ఉదయం పుట్టిన రెండింటినీ నేను స్వయంగా వెళ్లి చూశాను. ఆరోగ్యంగా ఉన్నాయి. ఒకటి నల్లది.